గోడ మీద వేలు

విశ్వం పుట్టిన కొత్తల్లో వెలిసిన మొట్టమొదటి ఊరిని కనిపెట్టింది మా భూతద్దం అక్క. అదీ ఒంటికన్నుతో. ఒక చేతిలో రఫ్ఫు సూది, ఇంకో చేతిలో భూతద్దం, పక్కన పొగలు కక్కే టీ. ఆ టీ మీద మీగడ కట్టేలోపల ఊళ్లో ఉన్న పదకొండు ఇళ్లూ లెక్కపెట్టేసి, సూది మొనతో తెర మీద ఒక్కొక్కటీ పొడిచి చూపించింది. పదమూడు వందల కోట్ల ఏళ్ల కిందటి సంగతిని, పొద్దున పక్కింట్లో జరిగినంత తేలిగ్గా చెప్పింది. నమ్మేవాళ్లు నమ్మండి, నమ్మనివాళ్లు నన్నడగండి. పక్క కుర్చీలో ఉన్నది నేనే.

ఇల్లంటే ఇక్కడ ఒక గెలాక్సీ. ఒక్కో ఇంట్లో కోట్లకొద్దీ నక్షత్రాల కాపురం. మొదట్లో ఈ ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి విసిరేసినట్టు ఉండేవని, గుంపుగా చేరడానికి చాలా కాలం పట్టిందని పెద్దలు చెప్పేవారు. అంత తొందరగా పదకొండు ఇళ్లు ఒకేచోట గోడా గోడా ఆనించుకుని కట్టుకున్నాయని తేలితే, ఆ పెద్దలంతా పాఠాలు దిద్దుకోవాలి. ఇవన్నీ నాకెలా తెలుసంటారా. డిగ్రీ రెండో ఏడు దాకా ఫిజిక్సు చదివాను. నా ప్రశ్నలకి జవాబు చెప్పలేక ఇద్దరు లెక్చరర్లు సెలవు పెట్టి పోతే, కాలేజీ మీద జాలిపడి నేనే మానేశాను.

అక్క అసలు పని రఫ్ఫు. ఆమె మొగుడు టైలరు. నేను బావా అంటాను, ఆయన పలకడు, ఆ సంగతి తర్వాత. కోటుకి నిప్పురవ్వ పడి చిల్లయితే, అదే గుడ్డ లోపలి అంచులోంచి పోగులు లాగి, ఒక్కో పోగూ నేతలోకి ఎక్కించి, చిల్లు ఎక్కడుందో తెచ్చినవాడికే తెలియకుండా చేసేది. జనం చిరిగినవి పారేసి కొత్తవి కొనుక్కోవడం మొదలెట్టాక ఆ పని చచ్చింది. అప్పుడు నలభై ఆరో ఏట మా ఆఫీసుకొచ్చింది. మేం పెట్టే పరీక్షలో వంద ఫోటోలు చూసి చుక్కలు పట్టుకోవాలి. పట్టాలున్నవాళ్లకి అరవై దాటలేదు. ఆమెకి తొంభై నాలుగు వచ్చాయి. మా ప్రొఫెసరు గారు కాగితం తిరగేసి, ఎంతవరకు చదివారమ్మా అని అడిగారు. ఎనిమిది అంది. మరి ఇవెలా పట్టుకున్నారంటే, నేతలో ఒక పోగు ఎక్కువున్నా తక్కువున్నా కన్ను అక్కడే ఆగుతుంది కదండీ అంది.

మా ఆఫీసు మూడో అంతస్తులో పొడుగాటి గది. కిటికీలకి నల్ల కాగితం, తొమ్మిది బల్లలు, తొమ్మిది కంప్యూటర్లు. చివర సున్నం వేసిన గోడ ఒకటి, పెద్ద బొమ్మ చూడాలంటే దాని మీద వేసుకుంటాం. తెర కొనమని ఏటా కాగితం పెడతాం, ఏటా గోడకే సున్నం పడుతుంది. ఆ గోడకి కుడిపక్క, మనిషి భుజమంత ఎత్తున, సున్నం పెచ్చూడి అరచేతంత మచ్చ ఉంది.

పని చెప్తాను, నిమిషంలో వచ్చేస్తుంది. అంతరిక్షంలో ఉన్న దుర్భిణి ఆకాశంలో ఒకే జాగాని నాలుగు రకాల కాంతిలో ఫోటో తీస్తుంది. నాలుగు గళ్లు పక్కపక్కన మన ముందుకొస్తాయి. మామూలు నక్షత్రమైతే నాలుగింట్లోనూ కనపడుతుంది. ఎంతో దూరం నుంచి వచ్చిన వెలుగైతే దారిలో సాగి సాగి ఎర్రబడిపోతుంది. కాబట్టి మొదటి రెండు గళ్లూ ఖాళీ, మూడోదాంట్లో ఉందా లేదా అన్నట్టుంటుంది, నాలుగోదాంట్లో ఎర్రటి నలుసు తేలుతుంది. కంప్యూటరు కూడా ఈ పని చేస్తుంది గానీ, కెమెరాలో చచ్చిపోయిన చుక్కని చూసి కూడా గెలాక్సీ అని గంతులేస్తుంది. అందుకే తొమ్మిది మంది మనుషులు. ఉంది, లేదు, అనుమానం. మూడు మీటలు. రోజుకి ఆరొందల ఫోటోలు.

మనుషులు కదా, భోజనం చేశాక కళ్లు తెరిచి నిద్రపోతారు. వాళ్ల మెలకువ చూడటానికి ప్రతి వందలోనూ అయిదు ఫోటోల్లో దొంగ చుక్కలు కలుపుతారు. వాటికి మా ఆఫీసులో ఉత్తుత్తి చుక్కలని పేరు. కలిపేవాణ్ణి నేను. ఏ ఫోటోలో ఏ మూల ఎన్ని పెట్టానో ఒక పుస్తకంలో ఎక్కించాలి. శుక్రవారం ప్రొఫెసరు గారు ఆ పుస్తకం ముందేసుకుని, ఎవరు పట్టారో ఎవరు వదిలేశారో చూసి, మార్కులు గోడకి అంటిస్తారు. తర్వాత ఉత్తుత్తివి ఏరేసి, నిజమైనవే జాబితాలోకి ఎక్కిస్తారు. ఆ జాబితా చూసి ఇంకో పెద్ద దుర్భిణి వాటి దూరం తేలుస్తుంది. నేను పుస్తకం ఏ రోజుకారోజు రాసే రకం కాదు. వారానికోసారి కూర్చుని, గుర్తున్నంతవరకు దంచేసేవాణ్ణి. నా అంత సహజంగా ఉత్తుత్తి చుక్క పెట్టేవాడు భూమ్మీద లేడు. దేవుడు కూడా ఒకసారి వచ్చి, ఇది నేను పెట్టిందా నువ్వు పెట్టిందా అని అడిగి వెళ్లాడు.

అక్క మాత్రం నావి వాసన పట్టేసేది. నాలుగేళ్లలో మూడే వదిలేసింది. మెడ వాల్చి, కోడి గింజని చూసినట్టు ఓరగా చూసేది. తర్వాత రఫ్ఫు రోజుల భూతద్దం తీసి తెరకి ఆనించేది. కంప్యూటరులో బొమ్మ పెద్దది చేసుకోవడానికి మీట ఉందక్కా అంటే, నా చేతిలో ఉన్నదాని మీదే నాకు నమ్మకం అనేది. భూతద్దం అని పేరు పెట్టింది నేనే. కోడిచూపు అని కూడా పెట్టాను గానీ అది నిలవలేదు.

ఆ ఓరచూపు అలవాటు కాదని తర్వాత తెలిసింది. కంటి వెనక పొర మధ్యలో పాడైపోతోంది. ఎదురుగా పెట్టిన వస్తువు మాయమవుతుంది, పక్కనున్నది కనపడుతుంది. ఎడమ కన్ను అప్పటికే పోయింది, కుడి కన్నుకి డాక్టరు రెండేళ్లు గడువిచ్చాడు. ఆపరేషనుకి లొంగేది కాదు. ఈ సంగతి టైలరు బావకి తప్ప ఎవరికీ తెలియదు. మా ఆఫీసులో యాభై దాటిన కాంట్రాక్టు వాళ్లకి ఏటా కళ్ల పరీక్ష ఉంటుంది. మూడేళ్లు ఆమె ఎలా నెగ్గుకొచ్చిందనుకున్నారు. బావ తనకే కళ్లజోడు కావాలన్నట్టు ముందురోజే ఆ ఆసుపత్రికెళ్లి, గోడకున్న అక్షరాలు వరసగా బట్టీపట్టి వచ్చి, ఇంట్లో అప్పజెప్పించేవాడు.

ఆఫీసులో ఇంకో నియమం ఉంది. ఎవరు పట్టిన గుంపు నిజమని పెద్ద దుర్భిణి తేల్చిందో, వాళ్ల ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. తెర ముందు కూర్చోనక్కర్లేదు, కొత్తవాళ్లకి పని నేర్పిస్తే చాలు. కళ్ల పరీక్ష ఉండదు. అక్కకి కావలసింది అదొక్కటే. ఆ కుడి కన్ను ఆరిపోయేలోపల ఒక్క గుంపు. దానికోసం ఎనిమిదేళ్లుగా రోజుకి ఆరొందల ఫోటోలు.

ఆ సోమవారం దొరికింది. చేయి చాచి సూది పట్టుకుంటే, దాని బెజ్జంలో పట్టేసేంత ఆకాశం. అందులో ఎర్రటి నలుసులు, చీమలు బెల్లం ముక్క చుట్టూ మూగినట్టు. కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలుతో ఒక్కోదాని చుట్టూ సున్నా చుట్టి, మొత్తం పదకొండు సున్నాలు, ప్రొఫెసరు గారి బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత లేచి ఆమెకి తన కుర్చీ జరిపారు. కూర్చోండమ్మా అన్నారు. గురువారం పెద్ద దుర్భిణికి జాబితా వెళ్లాలి, దీన్ని మొట్టమొదట రాస్తాను అన్నారు. ఎనిమిది మందీ లేచొచ్చి ఆమె చుట్టూ చేరారు. నేను ఆ ఆఫీసులో నాలుగేళ్లుగా ఉన్నాను. నాకెవడూ స్టూలు కూడా జరపలేదు.

మర్నాడు మెట్ల పక్కన టీ తాగుతున్నాం. అక్క ఒక్కతే లోపల ఉంది. అందరూ ఆ పదకొండు గురించే మాట్లాడుతుంటే నాకు నాలుక దురద పెట్టింది.

"ఆ పదకొండూ మనవేరా. సరదాకి గుప్పెడు చల్లాను. ముసల్ది గుటుక్కున మింగింది," అన్నాను.

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు మహా రుచిగా ఉంది. ఒకడైతే టీ ముక్కులోకి పోయి దగ్గాడు. ఇంకా ఏదో కలపబోతుంటే వాళ్లంతా ఒక్కసారి నోరు మూశారు. వెనక్కి తిరిగితే గ్లాసు పట్టుకుని ప్రొఫెసరు గారు.

నిజమా అన్నారు. కాదు సార్ వేళాకోళం అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆయన కోప్పడతారనుకుంటే కోప్పడలేదు. నా వంక కొత్తగా చూశారు. అంత బాగా కలిసిపోయేలా ఎలా పెట్టావయ్యా, నాకే అనుమానం రాలేదు, నాలుగేళ్లలో నువ్వు చేసిన మొదటి మంచి పని ఇదే అన్నారు. భుజం తట్టారు కూడా. ఆ తట్టిన భుజంతో ఎవడు అబద్ధమని ఒప్పుకుంటాడు చెప్పండి. పుస్తకంలో కనపడలేదే అన్నారు. ఇంకా ఎక్కించలేదు సార్ అన్నాను. నా రాతల సంగతి ఆయనకి తెలుసు కాబట్టి ఆ మాటా నమ్మారు. ఎక్కించు అన్నారు. వెళ్లి ఎక్కించాను. అక్క కాగితం ముందు పెట్టుకుని, ఆమె సున్నాలు చూసి, పదకొండు జాగాలూ నా చేత్తో నా పుస్తకంలో రాశాను.

అక్క విని, ప్రొఫెసరు గారి దగ్గరికొచ్చి, ఇవి ఉత్తుత్తివి కావండీ అంది. గొంతు పెంచలేదు. ఆయనకి అప్పటికే చిన్నతనంగా ఉంది, ముందురోజు కుర్చీ జరిపిన మనిషి కదా. అయితే అందరి ముందూ చూపించండి అని బొమ్మని గోడ మీద వేయించారు. సున్నాలు లేకుండా, ఉత్త ఆకాశం. గది నిండా చీకటి, గోడ నిండా మసక చుక్కలు, కుడిపక్క ఒక పెద్ద నక్షత్రం కళ్లు చెదిరేలా వెలుగుతోంది.

అక్క లేచి బల్లలు తడుముకుంటూ వెళ్లింది. గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి మెడ వాల్చింది. చేత్తో గోడ అంచు నుంచి జానలు కొలిచింది, గుడ్డ కొలిచినట్టు. తర్వాత ఆ పెద్ద నక్షత్రం పక్కకి జరిగి, సరిగ్గా సున్నం పెచ్చూడిన మచ్చ మీద వేలు పెట్టి నిలబడింది.

"ఇదండీ," అంది.

అక్కడ ఎవరికీ ఏమీ కనపడలేదు. ఆ పదకొండూ గోడకి ఎడమవైపున్నాయి. ప్రొఫెసరు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అప్పుడు నేనున్నాను కదా.

"అక్కా, అది గెలాక్సీ కాదు, సున్నం పెచ్చు. చిల్లు కనపడిందని రఫ్ఫు చేసేవు, జాగ్రత్త," అన్నాను.

ఆ రోజు నవ్విన నవ్వు ఆ గదిలో మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. ఒకావిడ నవ్వలేక బల్ల మీద తల పెట్టేసింది. ప్రొఫెసరు గారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అక్క వేలు తియ్యలేదు. మా నవ్వులయ్యేదాకా అలాగే ఉంచి, మెడ నా వైపు వాల్చి, ఓరగా ఓ క్షణం నన్ను చూసింది. అప్పుడు తీసింది. ప్రొఫెసరు గారు లైట్లు వేయించి, రేపే కళ్ల పరీక్షకి వెళ్లండమ్మా అన్నారు. తోడు నన్ను పంపించారు.

ఆసుపత్రిలో ఆ ఏడాది అక్షరాల అట్ట మార్చారు. పాతది మాసిపోయిందట. బావకి ముందురోజు వెళ్లే వ్యవధి లేకపోయింది. ఆమె పాత అట్ట అక్షరాలే గడగడా చదివేసింది, పై వరస నుంచి కింది వరస దాకా, ఒక్కటి తప్పకుండా. డాక్టరు రాసుకున్నాడు. తర్వాత ఎడమ చేత్తో ఆమె కుడి కన్ను మూసి, కుడి చేతి వేళ్లు చూపించి, ఎన్ని అన్నాడు. ఎవరి వేళ్లు అని అడిగింది. నాకప్పుడు కూడా నవ్వొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మూడో అంతస్తు మెట్ల దగ్గర, పక్క కమ్మీ పట్టుకుని ఆగింది. ఇంకా బుధవారమే. జాబితా వెళ్లలేదు.

"తమ్ముడూ, నన్ను చూసి చెప్పు. నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టానక్కా," అన్నాను.

"సరే," అంది. మళ్లీ అడగలేదు. లోపలికెళ్లి సొరుగులోంచి భూతద్దం, గుడ్డసంచి, తల నొప్పికి రాసుకునే సీసా తీసుకుంది. కుర్చీ మీద పరిచిన పాత తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. పొద్దు వాలేలోపల కాంట్రాక్టు ముగిసినట్టు కాగితం ఇచ్చేశారు. గురువారం జాబితా వెళ్లింది, అక్క కనిపెట్టిన ఊరు లేకుండా.

అయిదు నెలలు గడిచాయి. సముద్రాల అవతలి వాళ్లెవరో ప్రకటించారు. విశ్వానికి డెబ్భై కోట్ల ఏళ్లు కూడా నిండని కాలంలో గెలాక్సీల గుంపు, అంత పాతది, అంత కిక్కిరిసింది ఇదివరకు చూడలేదని. మేం చూసిన ఫోటోనే. ఆ దుర్భిణి ఫోటోలు లోకంలో ఎవరైనా తీసుకోవచ్చు. పన్నెండు గెలాక్సీలని రాశారు. పదకొండు అక్క సున్నాలు చుట్టినవే, అంగుళం తేడా లేదు. పన్నెండోది కుడిపక్క పెద్ద నక్షత్రం వెలుగులో కలిసిపోయి ఉందని, దాన్ని విడదీయడానికి తమకి ఏడు వారాలు పట్టిందని గొప్పలు చెప్పుకున్నారు. పోనీలే, అక్కకి దొరకనిది ఒక్కటే అనుకున్నాను.

ప్రొఫెసరు గారు నన్ను పిలిచి తలుపు వేశారు. పుస్తకం తెరిచి నా రాత మీద గోరు పెట్టారు. ఇది బయటికొస్తే నా పేరుతో పాటు ఆయన పేరూ వస్తుంది. పుస్తకం మూసి తన బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్తవాళ్లకి పని నేర్పే చోటు ఖాళీగా ఉంది, నువ్వు చూసుకో, నోరు మాత్రం అదుపులో పెట్టుకో అన్నారు. అలా నేను పర్మనెంటు అయ్యాను. నా కుర్చీకి చేతులున్నాయి. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు అక్క కథే చెప్తాను. చెప్పినప్పుడల్లా ఆమెని కాస్త పెద్దది చేస్తాను. ఒకసారి కళ్లకి గంతలు కట్టుకుని పట్టిందన్నాను. ఇంకోసారి నిద్రలో పట్టిందన్నాను. ఆమెకి బాకీ ఉన్నది అలాగైనా తీరుతుందేమోనని.

మొన్న ఈ కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ముందుగదే కొట్టు. బావ మిషను తొక్కుతున్నాడు. బావా అన్నాను. మిషను చప్పుడు పెరిగింది. అక్క కింద చాప మీద కూర్చుని, పళ్లెం నిండా బొత్తాలు పోసుకుని, వేళ్లతో తడిమి సైజుల వారీగా డబ్బాల్లో వేస్తోంది. కుడి కన్ను కూడా పోయినట్టే ఉంది, నా గొంతు వచ్చిన వైపు కాకుండా గుమ్మం వైపు మెడ వాల్చింది. భూతద్దం గోడకి మేకుకి వేలాడుతోంది, దుమ్ము పట్టి.

నీ గురించి రాశానక్కా, వింటావా అన్నాను. చదువు అంది. మొదటి నుంచి చదివాను, ఇదిగో ఇప్పుడు మీరు చదివినదంతా, నా తప్పు కూడా దాచకుండా. మధ్యలో ఎక్కడా ఆపలేదు. బొత్తాలు డబ్బాల్లో పడుతూనే ఉన్నాయి. పర్మనెంటు దగ్గరికొచ్చేసరికి మిషను ఆగింది. అయిపోయాక, ఏమంటావక్కా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న బొత్తాన్ని రెండుసార్లు తిప్పి, సరైన డబ్బాలో వేసి, చెప్పింది:

"ఒంటికన్ను అంటే ఒంటికన్నే గానీ, అదీ సగమే. చేతిలో సూది లేదు. టీ ఆ రోజు రాలేదు, పాలు విరిగాయి. పదకొండు కాదు, పన్నెండు. పదకొండుకీ సున్నాలు చుట్టి ఇచ్చేశాను కదా, వాటినే మళ్లీ చూపించడం దేనికి? పన్నెండోది నాకే అనుమానంగా ఉండి చుట్టలేదు. గోడ మీద వేలు పెట్టింది దాని మీదే. పెట్టినవాడివి నువ్వే అయితే, నేనక్కడ ఏమీ పెట్టలేదే, ఇంకోటుందేమిటని ఉలిక్కిపడి చూసేవాడివి. నువ్వు చూడకుండానే సున్నం పెచ్చు అన్నావు."